బహుళం: ఒక మామిడికాయల లారీ నేర్పిన వ్యాకరణం



సంధులు, సమాసాలు చెప్పుకొని బతికిన నావంటివాడు లారీల గురించి, సాఫ్ట్‌వేర్ల గురించి రాయబూనడం మీలో కొందరికి వింతగా తోచవచ్చు. ముప్పై యేళ్ళకు పైగా చిత్తూరు జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి, విరమించి, తిరుపతిలో స్థిరపడినవాణ్ణి. నాకు తెలిసిన సరుకు రవాణా అల్లా సంక్రాంతికి అక్కగారి ఊరి నుండి బస్సులో తెచ్చుకొనే బెల్లం బుట్ట ఒక్కటే. అయినా 2025 వేసవిలో మా అక్క ఇంట జరిగిన ఒక తగవు నన్ను నేటికీ వదలలేదు. తండ్రి ఒక వైపు, కొడుకు ఒక వైపు. నడుమ నన్ను తీర్పరిగా కూర్చోబెట్టారు. ఆనాడు నోరు పెగలలేదు. ఆలోచించి ఆలోచించి నేను చేరుకొన్న తీర్పును ఇక్కడ రాస్తున్నాను.

మా బావ దామలచెరువు చుట్టుపక్కల నలభై యేళ్ళుగా మామిడి వ్యాపారం చేస్తున్నాడు. తోట చుట్టూ ఒక్కసారి తిరిగి వస్తే కాపు ఎన్ని టన్నులో చెప్పగలడు. కాయను చేతిలోకి తీసుకొని తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, అది మద్రాసు దాకా ప్రయాణం తట్టుకొంటుందో లేదో చెబుతాడు. ఎలా తెలిసిందని అడిగితే మాత్రం చెప్పలేడు. "తెలస్తాది గదబ్బా" అంటాడు. అంతే.

మా మేనల్లుడు ఇంజనీరింగు చదివి, కొన్నేళ్ళు బెంగుళూరులో ఉద్యోగం చేసి, తిరిగి ఊరికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక సాఫ్ట్‌వేరును వెంట తెచ్చాడు. ఏ బండి ఏ దారిన పోవాలి, ఎంత సరుకు ఎక్కించాలి, ఏ మార్కెట్టుకు పంపితే బాడుగ పోను ఎంత మిగులుతుంది అన్నది అది లెక్కగట్టి తెర మీద చూపిస్తుంది. మొదట బావ దానిని చూసి నవ్వాడు. ఆ నవ్వు ఒక్క సీజను కూడా నిలవలేదు. ముందు ఆ సంగతి చెప్పాలి. లేకుంటే నేను వయసు మీరినవాణ్ణి గనుక పాతకాలపు పక్షం వహిస్తున్నానని మీరు అనుకోవచ్చు.

బావకు ఒక సిద్ధాంతం ఉండేది: నిండని బండి కదలరాదు. పది టన్నుల లారీలో ఏడు టన్నుల బేనీషా కాయ ఎక్కితే, తక్కిన మూడు టన్నులు మరో తోట నుండి వచ్చేదాకా, అది మరునాడైనా సరే, లారీ ఆగవలసిందే. సగం ఖాళీ బండికి నిండు బాడుగ ఇవ్వడం ఆయన దృష్టిలో పాపం. మేనల్లుడు మూడు సీజన్ల చిట్టా పుస్తకాలు ముందు వేసుకొని, నెల రోజులు కూర్చొని, ప్రతి పద్దునూ కంప్యూటరులోకి ఎక్కించాడు. తేలిందేమిటంటే, ఆగి వెళ్ళిన లారీలు కోయంబేడు మార్కెట్టులో తెల్లవారుజాము బేరాలు ముగిశాక చేరాయి. కాయ మెత్తబడి తరుగు పెరిగింది, ధర తగ్గింది. బాడుగలో మిగుల్చుకొన్న రూపాయికి ధరలో రెండు రూపాయలు పోయాయి. అదీ ఒకటి రెండు సార్లు కాదు, మూడేళ్ళూ అదే కథ.

బావ ఆ లెక్కను మూడు మార్లు చూశాడు. చివరకు, "అంతా నా చేతి రాతే. నలభై యేండ్లుగా అది నాతో ఒక్క మాట చెప్పలేదు చూడు" అన్నాడు. నాకు ఆ మాట గొప్పగా తోచింది. అనుభవజ్ఞుడు పొరపడే తీరు అందులో ఉంది. బాడుగ చేతి నుండి లెక్కపెట్టి ఇచ్చే సొమ్ము. అది కంటికి కనిపించే నష్టం. తరుగు అన్నది చేతికి రాకుండా పోయిన సొమ్ము. అది ఎక్కడో మద్రాసులో, మరెవరి తక్కెడలోనో జరిగిపోతుంది. కనిపించే నష్టానికి మనసు ఉలికిపడుతుంది, కనిపించని దానిని కాలానికో ఖర్మానికో అంటగట్టి ఊరుకొంటుంది. యంత్రానికి ఆ పక్షపాతం లేదు. దానికి రెండూ అంకెలే.

మనిషి బుర్రకు అందని లెక్కలు మరికొన్ని ఉన్నాయి. ఒక బండి పది ఊళ్ళు తిరిగి రావాలంటే ఏ ఊరి తరువాత ఏ ఊరు అన్న వరుసలు 36,28,800 ఉంటాయి. పదిహేను ఊళ్ళైతే అవి లక్షా ముప్పై వేల కోట్లు దాటుతాయి. ఎంతటి అనుభవజ్ఞుడైనా వాటిలో నాలుగింటిని చూసి ఒకదానిని ఎంచుకొంటాడు. 1959లో జార్జి డాంట్జిగ్, జాన్ రామ్సర్ అనే ఇద్దరు ఒక డిపో నుండి పెట్రోలు బంకులకు లారీలను పంపే సమస్యను గణితంగా మలచి ఒక వ్యాసం ప్రకటించారు. నేటి రవాణా సాఫ్ట్‌వేర్లలో చాలా వాటికి ఆ వ్యాసమే మూలపురుషుడు. కాబట్టి యంత్రాన్ని ఈసడించడం నా ఉద్దేశం కాదు.

ఇక అసలు తగవుకు వస్తాను.

2025 జూన్, జూలై నెలల్లో చిత్తూరు జిల్లా తోతాపురి రైతు పడిన పాట్లు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. తోతాపురి ముఖ్యంగా గుజ్జు ఫ్యాక్టరీల కోసం పండించే కాయ. ముందటి యేడు ధర బాగా పలికింది. ఆ యేడు కాపు విరగకాసింది. ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు నిల్వలు అమ్ముడుపోక మిగిలాయి. ధర కూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు దక్కేట్టు చేస్తుందని ప్రకటించారు. ఇతర రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకుండా అధికారులు ఆంక్ష పెడితే, కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం చెబుతూ మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఇంతటి గందరగోళంలో ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు, లారీలు రోజుల తరబడి బారులు తీరాయి.

అటువంటి ఒక సాయంత్రం మేనల్లుడు రెండు లారీల కాయ కోయించి ఒక ఫ్యాక్టరీకి పంపదలచాడు. తెర మీద ఆ ఫ్యాక్టరీయే దగ్గర, దారి ఖాళీ, దించుకోవడానికి ఇంత సమయం అని అంకె. ఆ అంకె మునుపటి సీజన్ల సగటు. బావ వరండాలో కూర్చొని, "రేయ్, ఈ పూట కోయొద్దురా. నాకెందుకో మంచిగా అనిపించడంలే" అన్నాడు. "ఎందుకు నాన్నా, కారణం చెప్పు" అన్నాడు కొడుకు. "చెప్పినా గదా, అనిపించడంలే" అని తండ్రి. నేను అక్కడే ఉన్నాను. కాయ కోశారు. లారీలు వెళ్ళాయి.

రెండు లారీలూ గేటు బయట మూడు రాత్రులు నిలిచాయి. దారి ఖాళీయే, అందులో అబద్ధం లేదు. ఆగిన బళ్ళన్నీ దారి పక్కన ఉన్నాయి, దారి మీద కాదు. మూడో నాటికి జూన్ ఎండకు కాయ మగ్గి, అడుగు పొరలు చితికి రసం కారసాగింది. ఒక లారీని దించుకొన్నారు. రెండో దానిలో సగం వద్దన్నారు. వెనక్కి తెచ్చి ఏం చేయాలి? ఆ వేసవిలో చాలామంది చేసినదే వీళ్ళూ చేశారు. దారి పక్కన కుమ్మరించారు.

ఆ సగం లారీ కాయ ఒక ముసలి రైతుది. రెండెకరాల తోట. ఆయన మా అక్క ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని, మజ్జిగ తాగి, ఎవరినీ ఒక్క మాట అనకుండా లేచి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే మాకు సుఖంగా ఉండేది. బావ సగం నష్టం తాను భరించాడు. తక్కిన సగం ఆ రైతుదే. సాఫ్ట్‌వేరు మాత్రం నెల చందా తేదీ తప్పకుండా పుచ్చుకొంది. సలహా ఇచ్చినవాడు నష్టంలో పాలు పంచుకోనప్పుడు ఆ సలహా ఎంత తేలికగా వస్తుందో ఆలోచించండి.

ఆ రాత్రి తగవు మొదలయింది. తండ్రి అన్నాడు, "నేను చెప్తే ఇన్లేదు." కొడుకు అన్నాడు, "నువ్వు చెప్పింది చెప్పడమేనా?" మాట మీద మాట పెరిగి, చివరకు బావ నోటి నుండి అసలు సంగతి వచ్చింది. ఆ ఫ్యాక్టరీ గేటు ముందున్న టీ కొట్టాయన బావకు తెలిసినవాడు. ఆ ఉదయం వేరే పని మీద ఫోను చేసి, మాటల మధ్య, పాలు మూడింతలు తెప్పిస్తున్నానని చెప్పాడట. "బండ్లు కదలకుంటేనే గదరా టీ అమ్ముడుపొయ్యేది! కాయకు చెట్టును మించిన గోడౌను యాడుందిరా? నాలుగు దినాలు చెట్టు మీదే ఉండి ఉంటే ఏం పోయె?"

మేనల్లుడు నా వైపు తిరిగి, "చూడు మామా, ఈ మాట సాయంత్రమే చెప్పి ఉంటే నేను ఆగనా?" అన్నాడు. బావ వద్ద జవాబు లేదు. నిజం చెప్పాలంటే, సాయంత్రం "అనిపించడంలే" అన్నప్పుడు ఆయనకు కూడా ఆ పాల సంగతి స్ఫురించి ఉండదు. లోపల ఎక్కడో అది కూడికలో చేరింది. పైకి మొత్తం మాత్రమే వచ్చింది.

మనం అంతర్బుద్ధి అనీ, స్ఫురణ అనీ పిలిచేది ఇదేనని నా నమ్మకం. అది దైవదత్తమైన దివ్యదృష్టి ఏమీ కాదు. మన ఆలంకారికుడు మమ్మటుడు కావ్యానికి హేతువులుగా శక్తిని, నిపుణతను, అభ్యాసాన్ని కలిపి చెప్పాడు. ఒక్క శక్తితో సరిపెట్టలేదు. బావ బొటనవేలిలో ఉన్నది నలభై యేళ్ళ అభ్యాసం. మనస్తత్వ శాస్త్రంలో డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అని ఇద్దరు పండితులు. మొదటివారు మనిషి తీర్పులోని తప్పులను తవ్వితీసినవారు. రెండోవారు అగ్నిమాపక దళ నాయకుల వంటి అనుభవజ్ఞుల స్ఫురణను మెచ్చినవారు. భిన్న పక్షాలకు చెందిన ఈ ఇద్దరూ 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. దాని సారాంశం నా మాటల్లో: స్ఫురణను నమ్మాలంటే రెండు షరతులు. ఆ రంగంలో ఒక క్రమం ఉండాలి. తప్పో ఒప్పో వెంటవెంట తెలిసి నేర్చుకొనే వీలుండాలి.

ఈ గీటురాయి మీద మన లారీని గీసి చూడండి. పలమనేరు దారిలో మొగిలి ఘాటు దిగే డ్రైవరుకు తన తప్పు ఆ క్షణమే తెలుస్తుంది; అతడి స్ఫురణను నమ్మవచ్చు. కాయను నొక్కి చూసే బావకు రెండు రోజుల్లో తెలుస్తుంది, నమ్మవచ్చు. బాడుగకూ తరుగుకూ ఉన్న లంకె ఆయనకు ఎన్నడూ తెలిసే వీలు లేకపోయింది. కనుక అక్కడ ఆయన పొరపడ్డాడు, యంత్రం గెలిచింది. ఇక రాబోయే సీజను ధర సంగతి. 2023 జూలై, ఆగస్టు నెలల్లో మదనపల్లె మార్కెట్టులో టమోటా కిలో నూటయాభై దాటింది. సెప్టెంబరు నాటికి కూలిపోయింది. దానిని చూసి ఉత్సాహంతో నారు పోసినవారి గతి ఏమైందో మా ప్రాంతంలో అందరికీ తెలుసు. అక్కడ స్ఫురణకూ దిక్కు లేదు, సాఫ్ట్‌వేరుకూ దిక్కు లేదు. పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. నైకీ అనే బూట్ల కంపెనీ గిరాకీని ముందే అంచనా కట్టే సాఫ్ట్‌వేరును నమ్ముకొని, అమ్ముడుపోని రకాలు ఎక్కువగా, అమ్ముడుపోయే రకాలు తక్కువగా తెప్పించి, 2001లో సుమారు పది కోట్ల డాలర్ల అమ్మకాలు పోగొట్టుకొంది.

యంత్రానిది మరొక లోపం ఉంది. అది అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. మేనల్లుడు అడిగినది "ఎక్కడికి పంపాలి?" అని. దానికి వచ్చిన జవాబు ఆ ప్రశ్న మేరకు సరైనదే. బావ అడిగినది "అసలు పంపాలా?" అని. చెట్టే గోడౌను అన్న ఊహ ఆ తెరలో ఏ గడిలోనూ లేదు. గడి లేనిదానికి అంకె లేదు, అంకె లేనిది లెక్కకు రాదు.

తిరుపతివాడిగా నాకు ఇటువంటిదే మరొక సంగతి గుర్తుకు వస్తుంది. కొండ మీద భక్తులు క్యూలో గంటల తరబడి నిలవకుండా సమయం ముద్రించిన టోకెన్లు ఇవ్వడం మంచి ఏర్పాటు. ఆనాటి సుదర్శనం కంకణాల నుండి నేటి టోకెన్ల దాకా దాని మేలు పొందినవాణ్ణి నేను. కానీ 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలోని కేంద్రాల వద్ద గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. కొండపైన తగ్గిన నిరీక్షణ కొండ కింద పోగుపడింది. ఏ లెక్కయినా ఒకచోట వరుసను తగ్గించినప్పుడు, ఆ వరుస మాయమయిందా లేక చోటు మార్చుకొందా అని అడిగే మనిషి ఒకడు ఉండి తీరాలి. గుజ్జు ఫ్యాక్టరీ లోపల పని సజావుగానే సాగి ఉంటుంది. నిరీక్షణ అంతా గేటు బయట, రైతు నెత్తిన పడింది.

ఇప్పుడు నా తీర్పు. వ్యాకరణం చదువుకొన్నవాణ్ణి గనుక ఆ భాషలోనే చెబుతాను.

శాస్త్రంలో ఉత్సర్గం, అపవాదం అని రెండు ఉన్నాయి. ఉత్సర్గం సామాన్య విధి. అపవాదం దానిని ఒకచోట అడ్డుకొనే విశేష విధి. రెండూ తగిలినప్పుడు అపవాదానిదే పైచేయి. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో అత్వసంధిని బహుళమన్నాడు. బహుళమంటే నాలుగు తోవలు: ఒకచోట నిత్యంగా జరుగుతుంది, ఒకచోట అసలు జరగదు, ఒకచోట జరిగినా జరగకున్నా సరే, ఒకచోట మనం ఊహించని మరొకటి జరుగుతుంది. మేన, అల్లుడు కలిసి మేనల్లుడు కావచ్చు, మేనయల్లుడూ కావచ్చు. ఒక, ఒక కలిస్తే ఒకానొక అవుతుంది. ఆ నకారం ఎక్కడిదని అడిగితే లోకం చూపవలసిందే. తరగతిలో పిల్లలు దీనిని విని, "ఇదేం సూత్రం అయివోరూ, ఏదైనా కావచ్చు అనడమేనా?" అని నవ్వేవారు. నవ్వులాట కాదు. వ్యాకర్త లోకాన్ని విని, తన సూత్రం ఎక్కడ చెల్లదో తానే ఒప్పుకొని, దానిని గ్రంథంలోనే చేర్చాడు. అపవాదం అన్నది సూత్రానికి అవమానం కాదు, దానికి ఆయుష్షు.

సాఫ్ట్‌వేరు ఉత్సర్గం. బావ బుద్ధి అపవాదాల గని. తగవు ఎందుకు వచ్చిందంటే, ఆ గనిలోనిది ఒక్కటీ రాతలో లేదు. తర్కశాస్త్రంలో వాదానికి మొదట ప్రతిజ్ఞ, వెంటనే హేతువు చెప్పాలి. కొండ మీద నిప్పుందని అన్నవాడు పొగ ఉంది గనుక అని చెప్పాలి. ఆ సాయంత్రం ఇంట్లో రెండు ప్రతిజ్ఞలు వినిపించాయి, ఒక్క హేతువు వినిపించలేదు. తెర "పంపు" అంది, ఎందుకో చెప్పలేదు. దించుకొనే సమయం పాత సగటని అది బయటపెట్టి ఉంటే పిల్లవాడు ఆగేవాడేమో. బావ "వద్దు" అన్నాడు, ఎందుకో చెప్పలేదు. ఇద్దరు మూగ సలహాదారుల నడుమ రైతు సరుకు కుళ్ళింది. కనుక తప్పు ఇద్దరిదీ, ఒకే తప్పు.

యంత్రమా మనిషా అన్న చర్చ నాకు కాలక్షేపంగా కనిపిస్తుంది. అడగవలసినవి మూడు. సలహా వెంట కారణం చెబుతున్నారా? సలహాను కాదన్నప్పుడు ఆ కాదన్న కారణం ఎక్కడైనా రాసి ఉంచుతున్నారా? తప్పయితే ఎవరు భరిస్తారు? ఈ మూడింటికీ జవాబు ఉన్న చోట ఏ పనిముట్టయినా మేలే చేస్తుంది. లేని చోట అనుభవం మొండితనమవుతుంది, సాఫ్ట్‌వేరు సోదె అవుతుంది.

ఇంకొక భయమూ ఉంది. బావకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, తోటలు తిరగలేకపోతున్నాడు. మేనల్లుడు కాయ నొక్కడం నేర్చుకోలేదు. తెర చెప్పినట్టు నడుచుకొనేవాడికి తప్పుచేసి నేర్చుకొనే వీలు కూడా ఉండదు. తప్పు తెరది అవుతుంది, తనది కాదు. అలా రెండు తరాలు గడిస్తే అపవాదం చెప్పడానికి మనిషి మిగలడు. ఉత్సర్గం ఒక్కటే మిగిలిన వ్యాకరణం మాట్లాడే భాషకు పనికిరాదు.

ఈ మాటలన్నీ ఆ రాత్రి నేను చెప్పలేదు. కొన్నాళ్ళకు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. బావ కొంత వినీ వినక, "నీ యాకరణం నాకు తెలీదు గానీ అబ్బా, ఆ మూడోది మాత్రం నిజం" అన్నాడు. మూడోది అంటే నష్టం ఎవరు భరిస్తారన్నది.

మేనల్లుడు మాత్రం ఒక పని చేశాడు. ఒక నోటుపుస్తకం కొని, పేజీకి మూడు గీతలు గీశాడు. ఒక గడిలో తెర ఏమన్నదో, పక్క గడిలో నాన్న ఏమన్నాడో, మూడో గడిలో కారణం. తరువాత ఏమైందో ఎర్ర సిరాతో కింద రాస్తాడు. మొన్న చూశాను. బావ చెప్పిన కారణాలన్నీ నిలవలేదు. అమావాస్యకు బేరాలు పడిపోతాయన్న ఆయన నమ్మకం పక్కన ఎర్ర సిరాతో రెండు మార్లు కొట్టివేత ఉంది, ఆయనే కొట్టివేయమన్నాడట. మొదటి పేజీలో మొదటి వరుస మాత్రం జరిగిపోయిన సంగతే. "పంపు" అని ఒక గడిలో, "వద్దు" అని ఒక గడిలో, కారణం గడిలో బావ వంకర అక్షరాలతో "టీ కొట్టు పాలు" అని ఉంది. దాని కింద ఎర్ర సిరాతో ఆ ముసలి రైతు పేరు, ఆయనకు ఇంకా ఇవ్వవలసిన సొమ్ము.

స్వస్తి.